పదిహేను వేల ఫోన్‌కి మూడో ఏడాది పరీక్ష

తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు హైరోడ్డులోనో ఒక మొబైల్ షాపుకెళ్ళి "పదహైదు వేల లోపల మంచి సెట్టు చూపియ్యన్నా" అంటే, కౌంటర్ అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న చాలాసార్లు ఒకటే: "గేమ్స్ ఆడతారా?" ఆడతామంటే ఒక అరలోని ఫోన్లు బయటికొస్తాయి, ఆడమంటే ఇంకో అరలోవి. వాడకం ఎంత హెవీగా ఉంటుందో తేల్చడానికి ఈ ఒక్క ప్రశ్న చాలదు. ఊళ్ళో ఫోన్లను నిజంగా రాపాడించేవాళ్ళలో డెలివరీ బాయ్‌లు, ట్యాక్సీ డ్రైవర్లు ముందుంటారు. వాళ్ళలో చాలామంది ఫోన్‌లో ఒక్క గేమూ ఉండదు.

డెలివరీ చేసే మనిషి ఫోన్‌నే తీసుకుందాం. పొద్దున పది నుంచి రాత్రి పది దాకా స్క్రీన్ వెలుగుతూనే ఉంటుంది. ఎండలో మ్యాప్ కనబడాలి కాబట్టి బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టాలి. జీపీఎస్, మొబైల్ డేటా, బ్లూటూత్ ఆగకుండా నడుస్తాయి. మధ్యమధ్యలో కస్టమర్ల కాల్స్. విడివిడిగా చూస్తే వీటిలో ఏదీ చిప్‌కి కష్టమైన పని కాదు. అన్నీ కలిసి పన్నెండు గంటలు, అదీ బండి హ్యాండిల్ మీద నేరుగా ఎండ కొడుతుండగా సాగడమే ఫోన్‌ని చంపుతుంది. తిరుమల కొండకు ట్రిప్పులు వేసే డ్రైవర్‌ది ఇంకో రకం కష్టం. ఘాట్ రోడ్డు మలుపుల్లో సిగ్నల్ బలహీనపడినప్పుడల్లా ఫోన్‌లోని మోడెమ్ టవర్‌ను అందుకోవడానికి ఎక్కువ పవర్ ఖర్చు పెడుతుంది. స్క్రీన్ ఆపి జేబులో పెట్టుకున్నా ఛార్జింగ్ దిగిపోతూనే ఉంటుంది.

ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్లో రోజుకు ఐదు గంటలు వీడియో క్లాసులు చూసే విద్యార్థి వాడకం పైకి చాలా హెవీగా కనిపిస్తుంది. కానీ వీడియో ఆడించడానికి చిప్‌లో విడిగా ఒక హార్డ్‌వేర్ డీకోడర్ ఉంటుంది, ప్రధాన కోర్లకు, అంటే చిప్‌లో అసలు లెక్కలు చేసే భాగాలకు పెద్దగా పని తగలదు. పది వేల ఫోన్ కూడా ఆ పని తొణక్కుండా చేసేస్తుంది. దామలచెరువు మామిడి మండీలో వ్యాపారి సంగతి దీనికి తలకిందులు. సీజనంతా వాట్సాప్‌లో కాయల ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు, లోడు బిల్లులు వచ్చి పడుతుంటాయి. ఆయన తనను తాను మామూలు వాడకందారుగానే అనుకుంటాడు. రెండో ఏడాదికి ఫోన్ ఎందుకు నత్తనడక నడుస్తోందో అర్థం కాదు. అక్కడ అడ్డం పడేది స్టోరేజి.

కాబట్టి హెవీ వాడకం అన్నది ఒకటే మూట కాదు. కాసేపు చిప్‌ని పిండేది ఒకటి, రోజంతా బ్యాటరీనీ స్క్రీన్‌నీ కాల్చేది ఇంకొకటి, నెలల తరబడి స్టోరేజిని నింపేది మరొకటి. బడ్జెట్‌లో ఈ మూడూ తట్టుకునే ఫోన్ దొరకడం కష్టం. తనది ఏ రకమో తెలిసినవాడికి దేన్ని వదులుకోవచ్చో కూడా తెలుస్తుంది.

ర్యామ్ అంకె, స్టోరేజి రకం

పెట్టె మీద అన్నిటికంటే లావుగా కనబడే అంకె ర్యామ్‌ది. "16 జీబీ ర్యామ్" అని ఉండి పక్కన చుక్క గుర్తు కనిపిస్తే, అడుగున చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది: 8 జీబీ నిజమైనది, ఇంకో 8 జీబీ వర్చువల్. అంటే స్టోరేజిలో కొంత భాగాన్ని పక్కన పెట్టి, ర్యామ్ నిండినప్పుడు వాడకుండా ఉన్న యాప్‌లను అందులోకి నెడతారు. స్టోరేజి వేగం ర్యామ్ వేగానికి దరిదాపుల్లో ఉండదు. 4 జీబీ ఫోన్‌ను "8 జీబీ" అని అమ్మినా అది 4 జీబీ ఫోనే. మ్యాప్ నడుస్తుండగా ఫోన్‌పే తెరిస్తే, తిరిగి వచ్చేసరికి మ్యాప్ మళ్ళీ మొదటి నుంచి లోడ్ కావడం 4 జీబీ ఫోన్లలో మామూలే. రోజువారీ వాడకానికి 6 జీబీ, హెవీకి 8 జీబీ నిజమైన ర్యామ్ ఉంటే చాలు. 12 జీబీకి అదనంగా డబ్బు పెట్టడం ఈ ధరలో దండగ. ఆ డబ్బు పెట్టడానికి వేరే మంచి చోట్లు ఉన్నాయి.

వాటిలో మొదటిది స్టోరేజి. 128 జీబీయా, 256 జీబీయా అన్నది షాపులో అందరూ చెప్తారు. అది ఏ రకం స్టోరేజి అన్నది అడిగితే తప్ప ఎవరూ ఎత్తరు. బడ్జెట్ ఫోన్లలో కనబడేవి ఎక్కువగా రెండు: ఈఎంఎంసీ 5.1, యూఎఫ్ఎస్ 2.2. కాగితం మీద మొదటిదాని గరిష్ఠ వేగం సెకనుకు 400 ఎంబీ, రెండోదానిది దాదాపు 1,200 ఎంబీ. ఈ అంకెల కంటే ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. ఈఎంఎంసీ ఒక సమయంలో చదవడమో రాయడమో ఒక్కటే చేయగలదు. యూఎఫ్ఎస్ రెండూ ఒకేసారి చేస్తుంది. 1974లో రెండో ఘాట్ రోడ్డు రాకముందు తిరుమలకు ఎక్కే బండ్లకూ దిగే బండ్లకూ ఒకే దారి; తర్వాత ఎక్కేది ఒకటి, దిగేది ఒకటి అయ్యాయి. ఈ రెండు రకాల స్టోరేజి మధ్య తేడా దాదాపు అలాంటిదే.

ఇది ఎక్కడ తెలుస్తుందంటే, అర్జంటు పనిలో. వెనకాల ప్లే స్టోర్ ఏవో నాలుగు యాప్‌లను అప్‌డేట్ చేస్తూ ఉంటుంది, అంటే స్టోరేజిలో రాస్తూ ఉంటుంది. అదే సమయంలో కూరగాయల కొట్టు ముందు నిలబడి యూపీఐ యాప్ తెరిస్తే, ఆ యాప్‌ను స్టోరేజి నుంచి చదవాలి. ఈఎంఎంసీ ఉన్న ఫోన్ అక్కడ తెల్లముఖం వేస్తుంది. యజమాని నెట్‌వర్క్‌ను తిట్టుకుంటాడు. కొత్తలో ఇది అంతగా కనబడదు. స్టోరేజి తొంభై శాతం నిండాక, రాయడానికి ఖాళీ గడులు దొరక్క ఫోన్ పాత డేటాను అటూ ఇటూ జరుపుకుంటూ చోటు చేసుకోవాల్సి వస్తుంది. అప్పుడు బయటపడుతుంది. మండీ వ్యాపారి ఫోన్ రెండో ఏడాదికి నెమ్మదించడం వెనక ఉన్నది ఇదే. మెమొరీ కార్డు పెడితే ఫోటోలు, వీడియోలు దాచుకోవచ్చు గానీ ఈ జబ్బుకి అది మందు కాదు. వాట్సాప్ తన మీడియా అంతా ఫోన్ స్టోరేజిలోనే పెట్టుకుంటుంది.

అందుకే 256 జీబీ ఈఎంఎంసీ, 128 జీబీ యూఎఫ్ఎస్ ఒకే ధరకు దొరికితే రెండోదే మేలు. ఏ రకమో కంపెనీ వెబ్‌సైట్‌లో పూర్తి స్పెసిఫికేషన్ల పేజీలో వెతకాలి. అక్కడ స్టోరేజి రకం గురించి ఒక్క ముక్కా రాయలేదంటే అది ఈఎంఎంసీ అయ్యుండే అవకాశం ఎక్కువ. యూఎఫ్ఎస్ పెట్టిన కంపెనీ ఆ మాట దాచుకోదు.

ఒక ఇబ్బంది ఏమిటంటే, ఈ రెండు భాగాల ధరలే ఇప్పుడు పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమొరీ చిప్‌లకు గిరాకీ పెరగడంతో 2025 చివరి నుంచి ర్యామ్, ఫ్లాష్ ధరలు ఎక్కాయి, ఫోన్ కంపెనీలు రేట్లు పెంచాయి. లక్ష రూపాయల ఫోన్‌లో మెమొరీ ఖర్చు చిన్న భాగం. పన్నెండు వేల ఫోన్‌లో అది పెద్ద భాగం. దెబ్బ ముందు తగిలేది చవక ఫోన్లకే. కొత్త మోడల్ అదే ధరకు వచ్చిందంటే ఎక్కడో ర్యామో స్టోరేజో తగ్గించి ఉంటారేమో చూసుకోవాలి. పోయినేడాది మోడల్ స్టాకులో ఉంటే, దాన్ని పాతది అని తోసిపారేయడం ఇప్పుడు తెలివైన పని కాదు.

చిప్‌లో చూడాల్సింది

"ఆక్టాకోర్ ప్రాసెసర్" అన్న మాటకు ఈ రోజుల్లో అర్థం లేదు. బడ్జెట్‌లో దాదాపు అన్నిట్లోనూ ఎనిమిది కోర్లే ఉంటాయి. ఎనిమిదిలో పెద్ద కోర్లు ఎన్ని, అవి ఏ తరానివి, చిప్ ఎన్ని నానోమీటర్లది అన్న మూడు సంగతులు చూస్తే చాలు. పెద్ద కోర్లు యాప్ తెరవడం, గేమ్ నడపడం లాంటి బరువైన పనులు చేస్తాయి. చిన్నవి చిల్లర పనులు చూసుకుంటాయి. నానోమీటర్ల అంకె తగ్గేకొద్దీ అదే పనికి ఖర్చయ్యే కరెంటు, పుట్టే వేడి సాధారణంగా తగ్గుతాయి.

యూనిసాక్ టీ606 లాంటి 4జీ చిప్‌లు 12 నానోమీటర్లవి, పెద్ద కోర్లు రెండు, అవి ఏ75 తరానివి (ఈ అంకె పెరిగేకొద్దీ కోరు కొత్తది). కాల్స్, వాట్సాప్, యూట్యూబ్ వరకైతే పరవాలేదు. వాటికి పై మెట్టు మీడియాటెక్ డైమెన్సిటీ 6300: 6 నానోమీటర్లు, 2.4 గిగాహెర్ట్జ్‌లో రెండు ఏ76 కోర్లు. బడ్జెట్ 5జీ ఫోన్లలో బాగా ఎక్కువగా కనబడిన చిప్ ఇది. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 కూడా రెండు పెద్ద కోర్లదే, కానీ అవి రెండు తరాలు కొత్తవైన ఏ78లు, చిప్ 4 నానోమీటర్లది. అసలు మెట్టు డైమెన్సిటీ 7300 దగ్గర వస్తుంది: 4 నానోమీటర్లు, నాలుగు ఏ78 కోర్లు. రెండు పెద్ద కోర్ల నుంచి నాలుగుకు వెళ్ళడం అన్నది ఒకేసారి నాలుగు యాప్‌లు నడిపేవాడికి రోజూ తెలిసే తేడా.

పేర్ల విషయంలో కొంచెం ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. డైమెన్సిటీ 700 కొత్త పేరుతో 6020గా, 810 కొత్త పేరుతో 6080గా మళ్ళీ మార్కెట్లోకి వచ్చాయి. అంకె పెద్దదైంది, లోపలి సరుకు దాదాపు అదే. ఫోన్ల పేర్లలోనూ ఇదే తంతు. రెడ్‌మీ 13సీ, రెడ్‌మీ 13సీ 5జీ అన్నవి వినడానికి ఒకే ఫోన్‌లా ఉంటాయి. మొదటిదాంట్లో హీలియో జీ85, రెండోదాంట్లో డైమెన్సిటీ 6100 ప్లస్. "13సీ బాగుందంట" అని ఎవరో చెప్తే, ఏ 13సీ అని అడగాలి.

ఇక్కడే ఒక తిరుపతి నమ్మకం గురించి చెప్పుకోవాలి. నెలనెలా 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలైనప్పుడు స్పీడు ఫోన్ ఉన్నవాళ్ళకే దొరుకుతాయని చాలామంది అనుకుంటారు. రద్దీ సమయంలో లాగిన్ అయినవాళ్ళను వర్చువల్ క్యూలో నిలబెట్టేది సర్వర్. ఎనిమిది వేల ఫోనైనా ఎనభై వేల ఫోనైనా ఆ క్యూలో ఒకేలా నిలబడాల్సిందే. పేర్లు, ఆధార్ నంబర్లు ముందే రాసి పెట్టుకున్నవాళ్ళకు ఫోన్ కంటే ఎక్కువ లాభం.

ఎండలో

మే నెలలో తిరుపతి, చిత్తూరు వైపు 40 డిగ్రీలు దాటడం మామూలు సంగతి. ఫోన్లను ఏసీ గదిలో పరీక్షించి చెప్పే స్కోర్లకు ఇక్కడ సగం విలువే. చిప్ వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. తర్వాత స్క్రీన్ బ్రైట్‌నెస్ తగ్గుతుంది. సరిగ్గా మ్యాప్ బాగా కనబడాల్సిన మధ్యాహ్నం వేళ. ఇంకా వేడెక్కితే ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఇవేవీ ఫోన్ లోపాలు కావు. లోపమల్లా 12 నానోమీటర్ల చిప్ ఉన్న ఫోన్‌ను పన్నెండు గంటల ఎండ పనికి కొనడం. రోడ్డు మీద బతికేవాడు గేమ్స్ ఆడకపోయినా 4 లేదా 6 నానోమీటర్ల చిప్ తీసుకోవాల్సింది వేగం కోసం కాదు, ఈ వేడి కోసం.

బ్యాటరీకి వేడి చేసే నష్టం మాత్రం మళ్ళీ పూడదు. లిథియం అయాన్ బ్యాటరీ ఎక్కువ వేడిలో ఎంతసేపు ఉంటే అంత త్వరగా ముసలిదవుతుంది, అందులోనూ ఫుల్ ఛార్జ్‌తో వేడిలో ఉంటే మరీ. మధ్యాహ్నం ఎండలో నడుస్తూ, బండి మీదే పవర్ బ్యాంకుతో ఫాస్ట్ ఛార్జింగ్ పెట్టడం దాన్ని రెండు వైపుల నుంచి కాల్చడమే. నీడలో పది నిమిషాలు ఆగినప్పుడు ఛార్జింగ్ పెట్టుకోవడం నయం. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమ్మే కొత్త ఫోన్ల బ్యాటరీలు 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా కనీసం 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలని నిబంధన పెట్టారు. దాని పుణ్యాన కొన్ని కంపెనీలు తమ బ్యాటరీ ఎన్ని ఛార్జింగ్ సైకిళ్ళు నిలుస్తుందో బయటికి చెప్పడం మొదలెట్టాయి. ఆ అంకె కనబడితే, 67 వాట్లు, 80 వాట్లు అన్న అంకెల కంటే దాన్నే ఎక్కువ పట్టించుకోవాలి.

సామర్థ్యం విషయంలో మటుకు బడ్జెట్ కొనుగోలుదారుల రోజులు బాగున్నాయి. చాలాకాలం 5,000 ఎంఏహెచ్ దగ్గర ఆగిన అంకె, సిలికాన్ కార్బన్ బ్యాటరీలు రావడంతో ఫోన్ మందం పెరగకుండానే 6,000, 7,000కి చేరింది. డెలివరీ, ట్యాక్సీ వాళ్ళకు ఈ ఒక్క కారణం చాలు కొత్త మోడల్ వైపు మొగ్గడానికి. కొండ మీదికి వెళ్ళే భక్తుడికి అంత అవసరం లేదు. ఆలయంలోకి ఫోన్ ఎలాగూ అనుమతించరు, డిపాజిట్ కౌంటర్లో ఇచ్చేసి వెళ్ళాల్సిందే. స్విచ్ ఆఫ్ చేసి ఇస్తే సరి.

స్క్రీన్ దగ్గర ఒక మోసం ఉంది. స్క్రీన్ వెలుగును నిట్స్‌లో కొలుస్తారు. "2,000 నిట్స్ పీక్ బ్రైట్‌నెస్" అన్నది స్క్రీన్‌లో చిన్న భాగం, కొన్ని వీడియోల్లో, కాసేపు చేరే వెలుగు. ఎండలో మ్యాప్ చదవడానికి పనికొచ్చేది హై బ్రైట్‌నెస్ మోడ్ అంకె, అంటే స్క్రీన్ మొత్తం ఇవ్వగల వెలుగు. అది వెయ్యి దగ్గర ఉంటే మధ్యాహ్నం కూడా బండి నడుపుకోవచ్చు. ఐదారు వందల నిట్స్ ఎల్‌సీడీ అయితే చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సిందే. 120 హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే అంకె) అని పెద్దగా రాసి, రెజల్యూషన్ హెచ్‌డీ ప్లస్ అని చిన్నగా రాసిన ఫోన్లు ఈ ధరలో చాలా ఉన్నాయి. 6.7 అంగుళాల స్క్రీన్ మీద 720 పిక్సెళ్ళ వెడల్పులో తెలుగు ఒత్తులు, గుడులు చిన్న అక్షరాల్లో మసకగా కనిపిస్తాయి. రోజూ ఫోన్‌లో పేపర్ చదివే పెద్దవాళ్ళకు కొనేటప్పుడు 120 హెర్ట్జ్ సంగతి వదిలేసి ఫుల్ హెచ్‌డీ చూడడం మంచిది.

బండి హ్యాండిల్‌కి ఫోన్ బిగించేవాళ్ళకు ఇంకో మాట. కెమెరాలో ఓఐఎస్ (చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా చూసే ఏర్పాటు) ఉన్న ఫోన్లలో లెన్సు కదిలే భాగాల మీద ఉంటుంది. మోటార్‌సైకిల్ ఇంజిన్ అదురు దాన్ని దెబ్బతీయవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. అదే రకం యంత్రాంగం బడ్జెట్ ఫోన్లలోకీ వచ్చింది కాబట్టి ఆ జాగ్రత్త వీటికీ వర్తిస్తుంది. వైబ్రేషన్ తగ్గించే రబ్బరు మౌంటు వాడాలి, లేదా ఓఐఎస్ లేని ఫోనే తీసుకోవాలి. కెమెరాతో పని లేనివాడికి రెండోది చవక.

కెమెరా గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 50 మెగాపిక్సెల్ కెమెరా మామూలుగా నాలుగు పిక్సెళ్ళను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ళ ఫోటోనే ఇస్తుంది. పక్కనున్న 2 మెగాపిక్సెల్ లెన్సులు లెక్క నింపడానికే. పగటి వెలుతురులో ఈ ధరలో అన్నీ సరిపోతాయి. తేడా గంగమ్మ జాతర రాత్రుళ్ళలో వేషాలు ఫోటో తీయబోతే తెలుస్తుంది. ఓఐఎస్, పెద్ద సెన్సర్ లేని ఫోన్‌లో ముఖానికి పూసిన రంగులన్నీ అలికేసినట్టు వస్తాయి.

అన్ని 5జీలూ ఒకటి కావు

జియో 5జీ 2022 డిసెంబర్‌లో రాష్ట్రంలో మొదలైనప్పుడు విశాఖ, విజయవాడ, గుంటూరుతో పాటు తిరుమల కూడా ఆ మొదటి జాబితాలో ఉంది. కాబట్టి ఇక్కడ 5జీ అవసరమా అన్న ప్రశ్న ఎప్పుడో పాతబడింది. రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకు అపరిమిత 5జీ ఇస్తుండడంతో హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ నడిపే విద్యార్థులకు అది డబ్బు ఆదా కూడా.

అసలు చిక్కు వేరే. జియో మొదటి నుంచీ స్టాండలోన్ పద్ధతి, అంటే 4జీ ఆసరా లేని 5జీ ఎంచుకుంది. ఎయిర్‌టెల్ 4జీ మీద ఆనుకుని నడిచే నాన్ స్టాండలోన్‌తో మొదలెట్టింది. 2024 నవంబర్‌లో 8,499 రూపాయలకు వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీలోని స్నాప్‌డ్రాగన్ 4ఎస్ జెన్ 2 చిప్ స్టాండలోన్‌కు మాత్రమే పనిచేస్తుంది. ఎయిర్‌టెల్ సిమ్ వేసుకుని 5జీ గుర్తు కోసం ఎదురు చూసినవాళ్ళకు ఈ సంగతి పెట్టె మీద ఎక్కడా కొట్టొచ్చినట్టు కనబడలేదు. పది వేల లోపు 5జీ ఫోన్ కొంటే, స్పెసిఫికేషన్లలో ఎస్ఏ (స్టాండలోన్), ఎన్ఎస్ఏ (నాన్ స్టాండలోన్) రెండూ రాసి ఉన్నాయో లేదో చూసి తీరాలి.

5జీ సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీ బ్యాండ్లలో ఎన్78 జియో, ఎయిర్‌టెల్ రెండూ వాడేది. దాంతోపాటు ఎన్28, అంటే 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా ఉండాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం వెళ్తుంది, గోడలు దాటుతుంది. జియోకు ఆ స్పెక్ట్రం ఉంది. తలకోన, పలమనేరు అడవుల అంచు పల్లెల్లో ఫోన్ పనిచేస్తుందా లేదా అన్నది చివరికి ఇలాంటి బ్యాండ్ల మీదే ఆధారపడుతుంది. సిగ్నల్ మరీ ఊగిసలాడే చోట 5జీ ఆపి 4జీలో పెట్టుకుంటే బ్యాటరీ కొంత మిగులుతుంది.

ఆరేళ్ళ అప్‌డేట్లా, గట్టి చిప్పా

ఈ ధరల్లో నిజంగా తల పట్టుకోవాల్సిన ప్రశ్న ఇదొక్కటే. 2024లో వచ్చిన రెండు ఫోన్లను పక్కపక్కన పెడితే చిక్కు సరిగ్గా కనిపిస్తుంది. నథింగ్ కంపెనీ వాళ్ళ సీఎంఎఫ్ ఫోన్ 1 ఆ జూలైలో 15,999కి వచ్చింది: డైమెన్సిటీ 7300, నాలుగు పెద్ద కోర్లు, కానీ రెండే ఆండ్రాయిడ్ వెర్షన్ల అప్‌డేట్లు, మూడేళ్ళ సెక్యూరిటీ ప్యాచ్‌లు. శాంసంగ్ గెలాక్సీ ఏ16 5జీ ఆ అక్టోబర్‌లో 18,999కి వచ్చింది: డైమెన్సిటీ 6300, రెండు పెద్ద కోర్లు, కానీ ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ళ సెక్యూరిటీ. మోడళ్ళు మారినా ఈ బేరం మారలేదు. ఒకరు గట్టి చిప్ ఇచ్చి త్వరగా చేతులు దులుపుకుంటారు, ఇంకొకరు మెత్తటి చిప్ ఇచ్చి చాలాకాలం వెంట ఉంటామంటారు.

అప్‌డేట్లు ఎవరికి కావాలి అనేది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. వాట్సాప్ పాత ఆండ్రాయిడ్ మీద కూడా చాలాకాలం నడుస్తుంది. డబ్బు ఉన్న యాప్‌లే సమస్య. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయిన ఫోన్‌లో జీతం ఖాతా, యూపీఐ, డీమ్యాట్ అన్నీ పెట్టుకోవడం అంటే, ఊరంతా తెలిసిన కన్నాన్ని పూడ్చకుండా ఇంటికి తాళం వేయడమే. మరోవైపు, రెండు ఏ76 కోర్లు ఉన్న చిప్ ఆరో ఏడాది ఆండ్రాయిడ్‌ను ఎలా మోస్తుందన్నది కూడా ఆలోచించాలి. అప్‌డేట్ వస్తుందన్న హామీ వేరు, వచ్చాక ఫోన్ హాయిగా నడుస్తుందన్న హామీ వేరు. రెండోది ఏ కంపెనీ ఇవ్వదు.

మూడేళ్ళకోసారి ఎలాగూ ఫోన్ మార్చేవాళ్ళు, రోడ్డు మీద పనిచేసేవాళ్ళు, గేమ్స్ ఆడేవాళ్ళు గట్టి చిప్ వైపే వెళ్ళాలి. డెలివరీ బండి మీద మూడేళ్ళు బతికిన ఫోన్‌కి నాలుగో ఏడాది అప్‌డేట్ వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే. అమ్మానాన్నలకు కొనే ఫోన్ సంగతి తలకిందులు. వాళ్ళు చిప్‌ని కష్టపెట్టరు, ఫోన్ పగలగొట్టరు, ఐదేళ్ళు అదే వాడతారు. ఓటీపీ మోసాలకు గురిపెట్టేదీ వాళ్ళనే. అక్కడ ఆరేళ్ళ సెక్యూరిటీ ఉన్న మెత్తటి చిప్ ఫోనే సరైన కొనుగోలు. షాపుల్లో ఇది సరిగ్గా తిరగబడి జరుగుతోంది: కొడుకుకి బ్రాండ్ ఫోన్, నాన్నకి అన్నిటికంటే చవకది.

ధరను ఏడాదికి భాగించి చూస్తే బుర్ర కొంచెం తేటపడుతుంది. తొమ్మిది వేల ఫోన్ రెండేళ్ళకు విసుగెత్తించి పక్కన పడితే ఏడాదికి నాలుగున్నర వేలు. పదహారు వేల ఫోన్ నాలుగేళ్ళు నడిస్తే ఏడాదికి నాలుగు వేలు.

బిల్లు కట్టే ముందు

షావోమీ భారత్‌లో తయారు చేయించిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ 2015లో సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారైంది. రేణిగుంట వైపు ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు వచ్చాయి. ఇంత దగ్గర్లో తయారైనందుకు తిరుపతిలో ఫోన్ ఒక్క రూపాయి తక్కువకు దొరకదు. జీఎస్టీ దేశమంతా 18 శాతమే. 2020 ఏప్రిల్‌లో 12 నుంచి పెంచింది 2025 సెప్టెంబర్ కోతల్లోనూ తగ్గలేదు. దగ్గరతనం లాభించేది సర్వీసులో, అదీ ఆ బ్రాండ్‌కు మన ఊళ్ళో అధీకృత సర్వీస్ సెంటర్ ఉంటేనే. పుంగనూరు, కుప్పం నుంచి ఒక స్క్రీన్ కోసం తిరుపతికి రెండుసార్లు బస్సెక్కడం అంటే రెండు రోజుల కూలి. కొనే ముందే ఆ బ్రాండ్ సైట్‌లో సర్వీస్ సెంటర్ల జాబితా చూడాలి, పనిలో పనిగా డిస్‌ప్లే మార్చడానికి ఎంతవుతుందో కూడా అడగాలి. అమోలెడ్ కాంబో (స్క్రీన్, టచ్ కలిసిన భాగం) ధర ఫోన్ ధరలో మూడో వంతుకు చేరడం అరుదేమీ కాదు. వీధి షాపుల్లో సగం ధరకు వేసే కాపీ కాంబో చాలాసార్లు ఎల్‌సీడీ అయ్యుంటుంది. వెలుగు తగ్గుతుంది, స్క్రీన్ కింద వేలిముద్ర ఉంటే అది పనిచేయదు.

నో కాస్ట్ ఈఎంఐలో ప్రాసెసింగ్ ఫీజు ఎంతో ముందే అడిగి రాయించుకోవాలి. వడ్డీని డిస్కౌంట్‌గా వెనక్కి ఇచ్చినా, బ్యాంకు కార్డు అయితే ఆ వడ్డీ మీద జీఎస్టీ మాత్రం కట్టాల్సి ఉంటుంది. ఫైనాన్స్ మీద ఇచ్చే కొన్ని ఫోన్లలో కిస్తీ తప్పితే ఫోన్‌ను లాక్ చేసే యాప్ వేసి ఇస్తారు. ఫోనే జీవనాధారమైన డ్రైవర్‌కి ఒక నెల ఆలస్యమైతే ఆ నెల సంపాదనే ఆగిపోతుంది. అలాంటివాళ్ళు నాలుగు వేలు తక్కువ ఫోన్‌ను నగదుకి కొనుక్కోవడమే మేలు. పెట్టెలో ఛార్జర్ ఉందో లేదో కూడా ఇప్పుడు చూసుకోవాల్సి వస్తోంది. లేకపోతే దాని ఖర్చూ ధరలోనే కలుపుకోవాలి.

కొత్త పదిహేను వేల ఫోన్ బదులు, రెండేళ్ళ కిందటి ముప్పై వేల ఫోన్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవడం హెవీ వాడకందారులకు చాలాసార్లు మంచి బేరమే. చిప్, స్క్రీన్, కెమెరా అన్నీ ఒక మెట్టు పైవి. బ్యాటరీ మార్పించడానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి, అప్‌డేట్లు ఇంకెన్నాళ్ళో లెక్క చూసుకోవాలి. యాత్రికుల రద్దీ ఉన్న ఊళ్ళో మటుకు ఇంకొక పరీక్ష తప్పదు, ఎందుకంటే బస్టాండుల్లో, క్యూల్లో పోయిన ఫోన్లు ఎక్కడో ఒకచోట అమ్ముడుపోతాయి. ఫోన్‌లో *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ వస్తుంది. అది బిల్లు మీద, పెట్టె మీద ఉన్నదానితో కలవాలి. తర్వాత కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కి మెసేజ్ పెట్టాలి. కేంద్ర ప్రభుత్వం వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ చూడొచ్చు. బ్లాక్‌లిస్టెడ్ అనో, డూప్లికేట్ అనో, ఇప్పటికే వాడకంలో ఉందనో జవాబొస్తే ఆ ఫోన్‌ను ఎంత తక్కువకిచ్చినా అక్కడే వదిలేసి రావాలి.